అప్పుకు ముందు పది సంచులు: వరిగడ్డితో పుట్టగొడుగుల పెంపకం

(మండల సమాఖ్య సమావేశంలో జిల్లా పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం. మహిళా సంఘాల సభ్యులు ఫోన్‌లో చదువుకోవడానికి. చదవడం రాని సభ్యుల కోసం సంఘం సమావేశంలో ఒకరు గట్టిగా చదివి వినిపించండి.)



పుట్టగొడుగుల పెంపకం గురించి ఎక్కడ మాట్లాడినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "మేడం, సబ్సిడీ ఎంత వస్తది?" అడగడంలో తప్పేమీ లేదు. పథకాల గురించి చెప్పడమే మా శాఖ పని. అది కూడా చెప్తాను. కాకపోతే వరస మార్చి చెప్తాను. ముందు గడ్డి, తర్వాత సంచి, ఆ తర్వాత అమ్మకం. అప్పు, సబ్సిడీ చివరన.

ఎందుకంటే సబ్సిడీ షెడ్డుకు వస్తుంది, సామానుకు వస్తుంది. బూజు పట్టిన సంచికి రాదు. సంఘం పేరు మీద తీసుకున్న అప్పుకు అందరి సంతకాలు ఉంటాయి. ఒక్కరి సంచులు పాడైనా కిస్తీ అందరి మీదా పడుతుంది. మీరు ఏళ్ల తరబడి పొదుపు చేసి, కిస్తీలు తప్పకుండా కట్టి తెచ్చుకున్న మంచి పేరు అది. దాన్ని తెలియని పని మీద పెట్టకూడదు.

అందుకని నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. అప్పు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇంట్లో పది సంచులు పెంచి చూడండి.

నేను వ్యవసాయం చదివినదాన్ని కాదు, జర్నలిజం చదువుకున్నదాన్ని. శాస్త్రవేత్తలు చెప్పేదాన్ని, ఆఫీసు కాగితాల్లో ఉన్నదాన్ని మన మాటల్లోకి తేవడమే నా వంతు. అర్థం కాని చోట చెయ్యెత్తి ఆపండి.

1. మన దగ్గర ఉన్న సరుకు

యాసంగి కోత అయిపోతుంది. హార్వెస్టర్ పోయిన మడిలో గడ్డి చెల్లాచెదురుగా పడి ఉంటుంది. ఏరడానికి కూలీ దొరకదు, వానాకాలం దున్నకాలకు టైం ఉండదు. అగ్గిపుల్ల గీస్తాం. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయని లెక్క. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. మిగిలిన బూడిద గాలికి కొంత, వానకు కొంత పోతుంది. మళ్లీ అదే మడికి ఎరువు బస్తా కొని మోసుకెళ్తాం.

ఆ గడ్డి పుట్టగొడుగుకు తిండి. పుట్టగొడుగుకు ఆకులు లేవు, పచ్చదనం లేదు. మొక్కలాగా ఎండలో తన తిండి తాను తయారు చేసుకోలేదు. గడ్డిలో సెల్యులోజ్, లిగ్నిన్ అనే గట్టి పదార్థాలుంటాయి. పుట్టగొడుగు తెల్లటి దారాలు గడ్డిలోకి పాకి, వాటిని కరిగించి తింటాయి. బర్రె కడుపులో కూడా సరిగా అరగని లిగ్నిన్‌ను ముత్యపు చిప్ప పుట్టగొడుగు విరగ్గొడుతుంది.

వరిగడ్డి ఒక్కటే కాదు. మక్క బెండ్లు, మక్క చొప్ప, సోయా పొట్టు, చెరకు పిప్పి, పత్తి కట్టె, ఎండిన అరటి ఆకులు కూడా పనికొస్తాయి. అయితే పత్తి కట్టె, మక్క బెండ్లు గట్టిగా ఉంటాయి. మిషన్‌లో వేసి నలగ్గొట్టాలి, ఎక్కువసేపు నానబెట్టాలి. కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు వరిగడ్డే సులువు.

ఇక్కడ ఒక మాట. మీ ఇంట్లో బర్రెలు, ఎడ్లు ఉంటే వరిగడ్డి వ్యర్థం కాదు, వాటి మేత. ఎండాకాలం దాకా మేతకు సరిపడా పక్కన పెట్టాకే మిగిలింది వాడండి. పుట్టగొడుగుల కోసం మేత కొనుక్కునే పరిస్థితి తెచ్చుకోకండి. పది సంచులకు పది కిలోల ఎండుగడ్డి చాలు.

2. ఏ కాలానికి ఏ రకం

హోటళ్లలో కనిపించే తెల్లటి బటన్ పుట్టగొడుగుకు పంట వచ్చేటప్పుడు గది 14 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. పైగా కంపోస్టు తయారీ పెద్ద పని. చల్లని ఊళ్లకు అది సరిపోతుంది. హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్ అలాంటి ఊరే. పుట్టగొడుగుల జాతీయ పరిశోధన కేంద్రం 1983లో అక్కడే మొదలైంది. 1997లో ఆ ఊరికి 'పుట్టగొడుగుల నగరం' అని పేరు కూడా పెట్టారు. మన ఎండల్లో అది పెంచాలంటే కరెంటు బిల్లే తినేస్తుంది. ఎవరైనా "బటన్ వేయండి, లాభం ఎక్కువ" అంటే ముందు ఏసీ బిల్లు లెక్క అడగండి.

మనకు పనికొచ్చేవి రెండు.

ముత్యపు చిప్ప పుట్టగొడుగు: 20 నుంచి 28 డిగ్రీల వేడిలో బాగా వస్తుంది. మన దగ్గర వానలు పడి వాతావరణం చల్లబడ్డాక, ఆగస్టు చివర నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

పాల పుట్టగొడుగు: 30 నుంచి 35 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది. మార్చి నుంచి ఆగస్టు దాకా దీని కాలం. దీన్ని పెంచవచ్చని 1974లో పశ్చిమ బెంగాల్ శాస్త్రవేత్తలు చూపించారు. తర్వాత తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం దీని మీద పనిచేసి రైతుల దాకా తెచ్చింది. కోసిన తర్వాత ముత్యపు చిప్ప కంటే ఎక్కువ రోజులు ఆగుతుంది. కానీ దీనికి ఒక పని ఎక్కువ. సంచి తెల్లబడ్డాక పైన శుద్ధి చేసిన మట్టిని రెండు మూడు సెంటీమీటర్ల మందం పరచాలి.

మొదటి పది సంచులు ముత్యపు చిప్పతోనే మొదలుపెట్టండి. పని తక్కువ, తప్పు ఎక్కడ జరిగిందో సులువుగా తెలుస్తుంది.

3. గడ్డి ఎట్లా చూసుకోవాలి

అన్నం బాగుండాలంటే బియ్యం బాగుండాలి. ఇక్కడ గడ్డి అట్లాంటిది. నాలుగు చూడండి.

ఒకటి, రంగు. గడ్డి బంగారు రంగులో మెరవాలి. నల్లబడిన గడ్డి, ముట్టుకుంటే పొడి రాలే గడ్డి వద్దు.

రెండు, వాన. కల్లంలో తడిసి ఎండిన గడ్డి వాడొద్దు. పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల వేరే బూజులు ఇప్పటికే కాపురం పెట్టి ఉంటాయి. ఏడాది దాటిన పాత గడ్డి కూడా వద్దు.

మూడు, మందు. కోతకు కొద్ది రోజుల ముందు తెగులు మందు కొట్టిన మడి గడ్డి తీసుకోవద్దు. తెగులు మందు అంటే శిలీంధ్రాన్ని చంపే మందు. పుట్టగొడుగు కూడా శిలీంధ్రమే. ఎవరి మడిలో ఏ మందు కొట్టారో మీకే తెలుసు, ఆఫీసరుకు తెలియదు.

నాలుగు, వాసన. దోసిట్లోకి తీసుకుని వాసన చూడండి. ఎండుగడ్డి వాసనే రావాలి. ముక్క వాసన వస్తే పశువుల కొట్టంలో పరుపుగా వేయండి, సంచిలోకి వద్దు.

మంచి గడ్డి దొరికినప్పుడే కోసి కట్టలు కట్టి, నేలకు ఎత్తుగా, కప్పు కింద దాచుకోండి. ఈ ఒక్క పని చేసిన ఇంట్లో ఏడాది పొడవునా సరుకు ఉంటుంది.

4. శుద్ధి: ఇక్కడే గెలుపు, ఇక్కడే ఓటమి

గడ్డిలో మనం వేసే విత్తనం ఒక్కటే తినాలి. వేరే బూజులకు అన్నం పెట్టకూడదు. అందుకే శుద్ధి.

గడ్డిని 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించండి, అంటే రెండు వేళ్ల వెడల్పు. గోనె సంచిలో నింపి, మూతి కట్టి, మంచి నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. తేలకుండా పైన బండ పెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, సంచిని వేడి నీళ్లలో ముంచండి. నీళ్లు 80 డిగ్రీల వేడి మీద ఉండాలి. గంటసేపు అదే వేడి ఉండాలి. గంట అంటే పొయ్యి ముట్టించినప్పటి నుంచి కాదు, నీళ్లు 80 డిగ్రీలకు వచ్చినప్పటి నుంచి. సంఘానికి ఒక థర్మామీటరు కొనుక్కోండి. చేతితో చూసి చెప్పే వేడి కాదిది. కట్టెలకు పత్తి కట్టె వాడుకోవచ్చు. డ్రమ్ము దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. సంచి ఎత్తేటప్పుడు ఇద్దరుండాలి.

తర్వాత నీరు వడకట్టి, కడిగిన పట్టా మీద నీడలో ఆరబెట్టండి. ఎంత ఆరాలి? పిడికెడు గడ్డి తీసుకుని గట్టిగా పిండండి. నీటి చుక్క కారకూడదు, అరచెయ్యి మాత్రం తడిగా అనిపించాలి. చుక్కలు కారితే ఇంకా ఆరాలి. తడి ఎక్కువైన సంచి లోపల కుళ్లుతుంది. తొందరపడి చాలామంది నష్టపోయేది ఇక్కడే.

కొన్ని కరపత్రాల్లో కార్బెండజిమ్, ఫార్మలిన్ కలిపిన నీళ్లలో నానబెట్టమని ఉంటుంది. ఆ పద్ధతి వాడుకలో ఉంది. కానీ ఫార్మలిన్ ఆవిరి కళ్లకు, ఊపిరికి చెడ్డది. వంటగది పక్కనే పని, పిల్లలు తిరిగే ఇల్లు. మీకు వేడి నీళ్ల పద్ధతే మేలు. వాడేసిన గడ్డి తర్వాత పెంటకుప్పకు వేసుకోవడానికి కూడా భయం ఉండదు.

5. సంచి నింపడం నుంచి కోత దాకా

విత్తనం అంటే జొన్న గింజల మీద పెంచిన తెల్లటి శిలీంధ్రం. వ్యవసాయ విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రం, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ లాంటి చోట్ల అడగండి. ముందుగా చెప్పి పెట్టుకోవాలి, పోయిన రోజే దొరకదు. ప్యాకెట్ అంతా తెల్లగా ఉండాలి. పచ్చ మచ్చ, నల్ల మచ్చ, పుల్లటి వాసన ఉంటే తీసుకోవద్దు. ఎండలో బస్సు ఇంజిన్ పక్కన పెట్టి తెస్తే ఇల్లు చేరేలోగానే చచ్చిపోతుంది. పొద్దున్నే లేదా సాయంత్రం చల్లబడ్డాక తెచ్చుకోండి.

కిలో ఎండుగడ్డి నానితే సుమారు మూడు కిలోలు అవుతుంది. దానికి 100 గ్రాముల విత్తనం సరిపోతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, ఫ్యాను ఆపేసి నింపండి. నాలుగు వేళ్ల ఎత్తు గడ్డి, అంచుల వెంట కొంచెం విత్తనం, మళ్లీ గడ్డి, మళ్లీ విత్తనం. గట్టిగా అదిమి మూతి కట్టండి. సంచికి చుట్టూ పది పన్నెండు చిన్న రంధ్రాలు పెట్టండి. ప్రతి సంచి మీద తేదీ రాయండి.

మొదటి 15 నుంచి 20 రోజులు చీకటి గదిలో ఉంచాలి. సంచి మెల్లగా తెల్లబడుతుంది. రోజూ చూడండి. పచ్చ మచ్చ కనిపిస్తే ఆ సంచిని గదిలో విప్పకుండా, అట్లాగే బయటికి తీసుకుపోయి దూరంగా పాతిపెట్టండి. "పాపం, సగం బాగానే ఉంది కదా" అని ఉంచితే పక్క సంచులకు అంటుకుంటుంది.

పూర్తిగా తెల్లబడ్డాక సంచికి గాట్లు పెట్టి వేలాడదీయండి. ఇప్పుడు గాలి, కొంచెం వెలుతురు కావాలి. పేపరు చదవగలిగినంత వెలుతురు చాలు, ఎండ తగలకూడదు. కింద ఇసుక తడపండి, గోడలకు గోనె సంచులు తడిపి కట్టండి, రోజుకు రెండు మూడు సార్లు సన్నగా నీళ్లు చల్లండి. గదిలో తేమ 80 శాతం పైన ఉండాలి. గొడుగు చిన్నగా, కాడ పొడుగ్గా వస్తే గదిలో గాలి చాలడం లేదని అర్థం. అంచులు ఎండి పసుపు రంగుకు తిరిగితే తేమ చాలడం లేదని అర్థం. సన్న దోమలు రాకుండా కిటికీకి మెత్తటి జాలీ కట్టండి. గదిలో పురుగుమందు కొట్టొద్దు. మీరు తినేది, పిల్లలకు పెట్టేది అదే.

నాలుగైదు రోజుల్లో మొటిమల్లాంటి మొగ్గలు కనిపిస్తాయి. గొడుగు అంచు పైకి తిరగకముందే, మొదట్లో పట్టుకుని మెల్లగా తిప్పి కోయండి. ఆలస్యమైతే రుచి తగ్గుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది: ముదిరిన గొడుగు నుంచి కంటికి కనిపించని పొడి రాలుతుంది. అది పీలిస్తే కొందరికి దగ్గు, ఆయాసం వస్తాయి. గదిలోకి పోయేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లను ఈ పనికి పంపకండి.

మొదటి కోత తర్వాత వారం పది రోజులకొకసారి ఇంకో రెండు కోతలు వస్తాయి. మొత్తం పంట 45 నుంచి 60 రోజులు. కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి ముప్పావు కిలో పుట్టగొడుగులు వస్తే మీ పని బాగున్నట్టే.

సంచి మీద మీరు వేయని నల్ల గొడుగులు, సన్న గొడుగులు మొలిస్తే తీసి పారేయండి. వాటిని వండొద్దు. పొలంలో, చెట్ల కింద దొరికే తెలియని పుట్టగొడుగులు కూడా వీటిలో కలపొద్దు. ప్రాణం మీదికి వస్తుంది.

6. దిగుబడి పెంచాలంటే

"తవుడు కలిపితే ఎక్కువ వస్తదట కదా మేడం?" అని అడుగుతారు. నిజమే. వరిగడ్డిలో నత్రజని తక్కువ. తవుడు కలిపితే పుట్టగొడుగుకు బలం. కానీ అదే బలం పచ్చ బూజుకు కూడా. పైగా తవుడు ఎక్కువైతే సంచి లోపల వేడి పెరుగుతుంది, విత్తనం మాడిపోతుంది.

అందుకే పది సంచుల్లో ఎనిమిది మామూలు వరిగడ్డితోనే నింపండి. ఒక సంచిలో కిలో ఎండుగడ్డికి 20 నుంచి 30 గ్రాముల తవుడు, ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టించి, చల్లారాక కలపండి. ఇంకో సంచిలో మూడు వంతులు వరిగడ్డి, ఒక వంతు నలగ్గొట్టి నానబెట్టి అలాగే శుద్ధి చేసిన మక్క బెండ్లు వేయండి. రెంటికీ గుర్తు పెట్టండి. ఏ సంచి ఎంత కాసిందో తూకం వేసి రాసుకోండి. మీ ఊరి గడ్డికి, మీ ఇంటి గదికి ఏది సరిపోతుందో ఆ తూకం చెప్తుంది. పక్క జిల్లాలో వచ్చిన దిగుబడి మీ ఇంట్లో వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

7. అమ్మకం ముందే చూసుకోండి

ముత్యపు చిప్ప పుట్టగొడుగు బయట ఒక రోజు కూడా సరిగా ఆగదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. కూరగాయల్లా రేపటికి దాచుకోలేం.

ఒక లెక్క చూడండి. వంద సంచులు ఒకే రోజు నింపారనుకుందాం. మొత్తం 50 నుంచి 70 కిలోలు రావాలి. అందులో దాదాపు సగం మొదటి కోతలోనే వస్తుంది. అంటే నాలుగైదు రోజుల్లో 25 నుంచి 35 కిలోలు. మీ ఊళ్లో, పక్క టౌన్‌లో ఆ వారం అంత సరుకు ఎవరు కొంటారు? సమాధానం లేకపోతే వంద సంచులు ఒకేసారి నింపొద్దు. వారానికి పాతిక చొప్పున నాలుగు వారాలు నింపండి. అప్పుడు రోజూ కొంచెం కొంచెం వస్తుంది, కొనేవాళ్లకు అలవాటు అవుతుంది.

పది సంచుల సరుకు వచ్చినప్పుడే తిరిగి అడగండి. టౌన్‌లో రెండు హోటళ్లు, కర్రీ పాయింట్లు, వారం సంత, టీచర్లు, బ్యాంకు సిబ్బంది. కొన్ని ఇళ్లలో పుట్టగొడుగులు తినరు. వాళ్లను బలవంతపెట్టకండి, కానీ ఎంతమంది తింటారో లెక్క రాసుకోండి. మిగిలితే ఎండబెట్టండి. పది కిలోల పచ్చివి ఎండితే కిలో దాకా వస్తాయి. ఎండినదానిలో 20 నుంచి 25 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. పప్పులో, చారులో వేసుకోవచ్చు, పొడి చేసి పెట్టుకోవచ్చు. మొదటి కోతలో కొంచెం మీ పిల్లలకు వండి పెట్టండి. అన్నీ అమ్మేయకండి.

పచ్చడి, పొడి చేసి ప్యాకెట్ మీద పేరు వేసి అమ్మాలంటే ఆహార భద్రత శాఖ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చిన్న వ్యాపారులకు ఏడాదికి 100 రూపాయల ఫీజుతో అది వస్తుంది.

8. నోటు పుస్తకంలో రాయాల్సింది

సంఘం పుస్తకం రాసే చేతులే ఇది కూడా రాస్తాయి. విత్తనం ఖర్చు, కవర్లు, కట్టెలు, రాకపోకల చార్జీలు, మీ పని గంటలు. మీ కూలీ సున్నా అని రాయకండి. మీ ఊళ్లో పొలం కూలీ ఎంతో ఆ లెక్కన రాయండి.

ఉదాహరణకు పది సంచులకు విత్తనం, కవర్లు, కట్టెలు కలిపి 350 రూపాయలు అయిందనుకుందాం. 6 కిలోలు వచ్చాయి. కిలో 200కు అమ్మితే 1,200. ఖర్చు పోను 850. ఇది లాభం కాదు, ఇందులో మీ కూలీ ఉంది. మొత్తం 15 గంటలు పట్టిందనుకుంటే గంటకు 57 రూపాయల దాకా పడింది. రెండు సంచులు పాడైతే వచ్చేది 4.8 కిలోలు, చేతికి 610 రూపాయలు, గంటకు 40 రూపాయలు. ఈ అంకెలు ఉదాహరణకే. మీ అంకెలు మీరు వేసుకోండి.

ఇప్పుడు నేను చెప్పే గీటురాయి గుర్తుంచుకోండి. వరసగా రెండు విడతలు, పదికి ఎనిమిది సంచులు పూర్తిగా తెల్లబడాలి. కిలో గడ్డికి కనీసం అర కిలో రావాలి. వచ్చిన సరుకంతా అమ్ముడుపోవాలి. మూడూ జరిగితే యాభై సంచులకు పోండి. అది కూడా నిలబడితే అప్పుడు అప్పు గురించి మాట్లాడదాం. రెండు విడతలకు నాలుగు నెలలు పడుతుంది. నాలుగు నెలలు ఆగినందుకు పథకం ఎక్కడికీ పోదు. తొందరపడి తీసుకున్న అప్పు మాత్రం మూడు నాలుగేళ్లు వెంట ఉంటుంది.

9. పథకాలు: ఏ పనికి ఏ ఆఫీసు

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తున్నాను.

చిన్నగా మొదలుపెట్టడానికి: సంఘం బ్యాంకు లింకేజీ రుణం, స్త్రీనిధి రుణం. స్త్రీనిధి 2011 నుంచి సంఘాల సభ్యులకు రుణాలిస్తోంది. దీనికి గ్రామ సమాఖ్యలో తీర్మానం కావాలి. మీ వీఓఏతో, ఏపీఎంతో మాట్లాడండి. ఇందిరా మహిళా శక్తి కింద వ్యాపార యూనిట్ల ఎంపిక కూడా సమాఖ్య ద్వారానే జరుగుతుంది. పది లక్షల లోపు సంఘం రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదు.

పెంపకం షెడ్డు పెద్దగా కట్టాలంటే: ఉద్యాన శాఖ ఆఫీసు. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో పుట్టగొడుగుల పెంపకం యూనిట్‌కు, విత్తనం తయారీ యూనిట్‌కు, కంపోస్టు యూనిట్‌కు సాయం ఉంది. ప్రైవేటు వాళ్లకు అనుమతించిన ఖర్చులో 40 శాతం. ఖర్చు పరిమితి ఎంతో ఆ ఏడాది మార్గదర్శకాల్లో చూపించమని అడగండి. ఇది బ్యాంకు రుణంతో ముడిపడిన సబ్సిడీ.

ఎండబెట్టడం, పొడి, పచ్చడి చేయాలంటే: ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం. 2020లో మొదలైంది. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ. కనీసం 10 శాతం మీ సొంత వాటా ఉండాలి. ఆహార శుద్ధి పని చేసే సంఘం సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల దాకా ప్రారంభ పెట్టుబడి ఇచ్చే అంశం కూడా ఇందులో ఉంది. గమనించండి, ఇది శుద్ధి చేసే పనికి. పెంపకానికి కాదు. పెంపకం షెడ్డుకు ఈ దరఖాస్తు పెడితే తిరిగి వస్తుంది, మీ తిరుగుడు వృథా అవుతుంది.

దరఖాస్తు పెట్టే రోజున ఆ పథకం గడువు, నిధులు, నియమాలు ఎట్లా ఉన్నాయో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఫోన్‌లో తిరిగే పాత మెసేజీలు నమ్మకండి. ఈ పీడీఎఫ్ కూడా ఏడాది పాతదైతే అడిగే చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. "సబ్సిడీ" అంటే చేతికి వచ్చే డబ్బు కాదు. సూక్ష్మ ఆహార శుద్ధి పథకంలో సబ్సిడీ మొత్తం బ్యాంకులో మీ రుణానికి ఎదురుగా జమ అయి ఉంటుంది. రుణం చివరి విడత అందాక మూడేళ్లకు, కిస్తీలు సరిగా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటేనే రుణంలో సర్దుతారు. యూనిట్ మూతపడితే ఆ సబ్సిడీ మీది కాదు. అప్పు మాత్రం మీదే. అందుకే ముందు పది సంచులు అంటున్నాను.

10. తిరిగి కొంటామనే మాట జాగ్రత్త

"కిట్టు మా దగ్గర కొనండి, పండిన పుట్టగొడుగులు మేమే తిరిగి కొంటాం, నెలకు ఇంత గ్యారంటీ" అని వీడియోలు వస్తున్నాయి. అన్నీ మోసం అనను. కానీ డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ ధరకు, ఎంత తూకం, ఎన్ని రోజుల్లో కొంటారో స్టాంపు కాగితం మీద రాసిస్తారా? విత్తనం మొలవకపోతే డబ్బు వాపస్ ఇస్తారా? ఇంతకుముందు మీకు అమ్మిన రైతులను మేము పోయి కలవొచ్చా? కిట్టు ధర విడివిడిగా, విత్తనానికి ఎంత, కవర్లకు ఎంత అని చెప్తారా? ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా కట్టొద్దు. గడ్డి మీ దగ్గరే ఉంది, డ్రమ్ము మీ దగ్గరే ఉంది. మీరు కొనాల్సింది విత్తనం, కవర్లు మాత్రమే. ఫోన్‌లో డబ్బు పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

సబ్సిడీ ఇప్పిస్తానని కమీషన్ అడిగేవాళ్లకు కూడా రూపాయి ఇవ్వకండి. దరఖాస్తుకు సాయం చేయడం సంబంధిత శాఖల సిబ్బంది పని. దానికి ఫీజు లేదు.

11. వాడేసిన గడ్డి

మూడు కోతలు అయ్యాక సంచి తేలికైపోతుంది. గడ్డి మెత్తబడి ఉంటుంది. కవరు తీసి, గడ్డిని పెంటకుప్పలో కలపండి, లేదా వానపాముల తొట్టిలో వేయండి. లిగ్నిన్ సగం విరిగిపోయి ఉంటుంది కాబట్టి తొందరగా మగ్గుతుంది. ఆ ఎరువు తిరిగి మడికి పోతుంది. కవర్లు మాత్రం కాల్చొద్దు, కాలువలో వేయొద్దు. పోగేసి పంచాయతీ చెత్త బండికి ఇవ్వండి.

అడిగిన ప్రశ్నలు, జవాబులు

"మాకు వేరే గది లేదు మేడం." పది సంచులకు గది అక్కర్లేదు. ఎండ తగలని వసారాలో ఒక మూల, చుట్టూ తడి గోనెలు కట్టుకుంటే చాలు. మనుషులు పడుకునే గదిలో మాత్రం పెట్టొద్దు.

"కౌలు రైతులం, పొలం కాగితాలు లేవు." పది సంచులకు ఏ కాగితం అక్కర్లేదు. సంఘం రుణం సంఘం పేరు మీద వస్తుంది, పట్టా పాసుబుక్కు మీద కాదు. గడ్డి విషయంలో మాత్రం పొలం ఆసామితో కోతకు ముందే మాట్లాడుకోండి.

"రెండు విడతలూ పాడైపోతే?" పోయింది కొన్ని వందల రూపాయలు, కొంత శ్రమ. పాడైన సంచి ఫొటో తీసి, తేదీలు రాసిన పుస్తకం పట్టుకుని కృషి విజ్ఞాన కేంద్రానికి పోండి. లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగండి. కారణం తెలిస్తే ఇంకో విడత వేయండి. ఈ పని మనకు కుదరదనిపిస్తే కోళ్లో, పాలో, కుట్టు మిషనో చూసుకోండి. కుదరదని అప్పు లేకుండా తెలుసుకోవడం కూడా లాభమే.

"ఎప్పుడు మొదలుపెట్టాలి?" ముత్యపు చిప్పకైతే వానలు పడి గాలి చల్లబడ్డాక. గడ్డి మాత్రం ఈ కోతకే దాచుకోండి.

వచ్చే నెల సమాఖ్య సమావేశానికి ఒక్కో గ్రామ సంఘం నుంచి ఇద్దరు చొప్పున పేర్లు రాసివ్వండి. కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ ఎప్పుడుందో కనుక్కుని ఏపీఎం గారు చెప్తారు. శిక్షణకు పోయేటప్పుడు మీ ఇంటి గడ్డి ఒక పిడికెడు కవర్లో వేసుకుని పోండి. అక్కడ శాస్త్రవేత్తకు చూపించి, ఇది పనికొస్తుందా అని అడగండి.